మహావీరుడికి వంతెన పాసు

ప్రపంచాన్ని సృష్టించడం ఏమంత కష్టమైన పని కాదని ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. నేను సృష్టించాను కాబట్టి చెబుతున్నాను. ఒక ఆదివారం పొద్దున పదింటికి కూర్చుని, భోజనాల వేళకల్లా తొమ్మిది కొండలు, మూడు రాజ్యాలు, నిప్పులు కక్కే ఒక ముసలి డ్రాగన్ తయారుచేసి చేతులు కడుక్కున్నాను. కష్టమల్లా ఆ ప్రపంచంలోకి మా అబ్బాయి పై అధికారి అడుగుపెట్టాక మొదలైంది.

మా అబ్బాయి నీళ్ళ కనెక్షన్ల ఆఫీసులో గుమాస్తా. ఆ ఆఫీసు వాళ్ళు ఆదివారాలు మా ముందుగదిలో బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారు. ఒకరు వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. ఎవరికెంత బలం, ఎవరికే విద్య వచ్చు అన్నది ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకుంటారు. ఒకడు కథ చెప్పుకుంటూ పోతాడు. మిగతావాళ్ళు తామేం చేస్తారో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నది పడితే దెబ్బలు. ఆ కథ చెప్పేవాణ్ణి నేనే. నా చదువు అయిదో తరగతి. అది కూడా, మా బడి పైకప్పు గాలికి ఎగిరిపోతే దాని వెంట పరుగెత్తి, అది ఎక్కడ వాలితే అక్కడే దాని కింద కూర్చుని పరీక్ష రాసి పాసయ్యాను. నమ్మకపోతే మీ ఇష్టం.

కోడలు నర్సు. ఆమె ఉద్యోగం అయిదు గంటల రైలు దూరంలో. అబ్బాయి అక్కడికి బదిలీ కోసం పెట్టుకున్న కాగితం అధికారి బల్ల మీద పద్నాలుగు నెలలుగా విశ్రాంతి తీసుకుంటోంది. ఆ పద్నాలుగు నెలలూ వాడి చేతి వంట తిన్నవాణ్ణి, ఆ సంతకం విలువ నాకు తెలుసు.

ఆట సంగతి తెలిసి సారు కూడా వస్తానన్నారు. వచ్చారు.

"ఇక్కడ నేను ఆఫీసర్ని కాను. అందరం సమానం. నన్ను మహావీరుడు అనండి చాలు."

"అలాగే మహావీరుడు సార్" అంది టైపిస్టమ్మ.

మొదటి పాచికకే రెండు పడింది. నిబంధన ప్రకారం డ్రాగన్ ఆయన్ని తోకతో విసిరికొట్టాలి. నేను నోరు తెరిచాను. బల్ల కింద మా అబ్బాయి నా కాలు తొక్కాడు.

"పాచిక కిటికీ వైపు తిరిగి పడింది సార్, చెల్లదు" అన్నాడు స్టోర్ కీపరు.

చెల్లే అంకె పడేదాకా వేశారు. పంతొమ్మిది చెల్లింది.

ఆపైన ప్రతి వారం సారు ఒక నోటు పెట్టేవారు. "పై వీరునకు నిప్పు అంటరాదు. నీరు తడపరాదు. ఎగురుటకు అనుమతించడమైనది." అడిగేదీ ఆయనే, అనుమతించేదీ ఆయనే. మూడు వారాలు తిరిగేసరికి నా ప్రపంచం గతి ఏం చెప్పను! ఆయన వస్తున్నాడంటే కొండలు పక్కకి జరిగి దారిచ్చేవి. డ్రాగన్ పక్క చుట్టుకుని చెల్లెలింటికి పోయింది.

"ఒరేయ్, బలం పెరిగితే దానికి తగ్గ ఆపద ఉండాలిరా. లేకపోతే అది కథ కాదు, సన్మానం" అన్నాను అబ్బాయితో.

"సన్మానమే చెయ్యి నాన్నా. కాగితం ఆయన బల్ల మీదుంది."

చేశాను. నాలుగో ఆదివారం సారు ఆవులించారు.

"పెద్దాయనా, మీ ప్రపంచంలో పస లేదు. నాకు తగ్గ ఎదురేదీ? ఇలా అయితే మీవాడి విషయం కూడా నేను ఆలోచించాల్సి వస్తుంది."

అబ్బాయి మళ్ళీ నా కాలు తొక్కాడు. ఎదురుంటే తప్పు, లేకపోతే ముప్పు! ఎగిరేవాణ్ణి, కాలనివాణ్ణి, చావనివాణ్ణి ఏది ఆపుతుందా అని వారమంతా తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి, ఆ బదిలీ సంగతి కనుక్కుందామని వాళ్ళ ఆఫీసు బెంచీ మీద నేను కూర్చున్న రోజు గుర్తొచ్చింది.

అయిదో ఆదివారం మహావీరుడికి ఒక నది అడ్డొచ్చింది. నది మీద వంతెన. వంతెన ముందు చిన్న గది, దానికో కిటికీ, కిటికీ వెనక ఒక గుమాస్తా. బలం ఒకటి. విద్యలు లేవు. కొంచెం దగ్గు.

"పాసు ఉండాలన్నాడు" అన్నాను.

"ఎగిరి దాటతాను."

"ఎగిరేవాళ్ళకి వేరే ఫారమట. అవి అయిపోయాయట."

"కత్తి దూస్తాను." పాచిక వేశారు. నిజంగానే ఇరవై.

"దూశారు. ఆయుధాల సెక్షను పక్క బిల్డింగులో అన్నాడు, తల ఎత్తకుండా."

"కిటికీ బద్దలు కొడతాను."

"కొట్టారు. మరమ్మతు అయ్యేదాకా కౌంటరు మూసి ఉంటుందని పలక తగిలించాడు."

టైపిస్టమ్మ పైట నోట్లో కుక్కుకుంది. నాకు మాట తడుముకోవలసి వచ్చినప్పుడల్లా ఆవిడే అందించేది. అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు మరి. మూడు ఆదివారాలు మహావీరుడు ఆ కిటికీ ముందే నిలబడ్డాడు. మూడో ఆదివారం సారు తన కాగితం బల్ల మీద పెట్టి లేచారు. అయిపోయింది, కోడలు ఇక అక్కడే రిటైరవుతుంది అనుకున్నాను.

"పెద్దాయనా, ఆ గుమాస్తా పాత్ర ఖాళీయేనా?"

ఆ రోజునుంచి సారు గుమాస్తా. మహావీరుడి కాగితం మా అబ్బాయికి దక్కింది. వాడు అన్ని శక్తులతోనూ కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు, సారు "రేపు రండి" అని పరవశించిపోయేవారు. వారానికి సరిపడా జనాన్ని ఆదివారమే తిప్పి పంపేస్తున్నారు కదా, సోమవారానికి ఆ ఆకలి ఉండేది కాదు. ఆఫీసులో ఫైళ్ళు పరుగెత్తాయి. కుళాయి కోసం ఆరేళ్ళు తిరిగిన ఒక ముసలాయన, కనెక్షన్ వచ్చిందన్న కాగితం అందుకుని, ఇది తనది కాదేమోనని తిరిగిచ్చెయ్యబోయాడట.

మా కాగితం మాత్రం కదల్లేదు. ఉండబట్టలేక అడిగాను.

"మీవాడు వెళ్ళిపోతే నా కిటికీ ముందు ఎవరు నిలబడతారండీ?" అన్నారు సారు, ఎంతో ప్రేమగా.

మంచిది అనుకున్నాను. ఆ వారమే నది ఎండిపోయింది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచి దాటేశారు.

"నా కిటికీ ముందు ఎవరున్నారు?" అన్నారు సారు.

"ఒక మేక వచ్చిందండి. చూసి వెళ్ళిపోయింది."

"వాన కురిపించండి."

"మేఘాలు పైనుంచి రావాలి కదండీ. మావాడి బదిలీ అయితే వాటి సంగతి చూద్దాం. కథకేం, నేనూ వాడి వెంట వెళ్ళినా, వారం విడిచి వారం రైలెక్కి వచ్చి చెబుతాను."

తరవాతి ఆదివారం సారు ఎనిమిదింటికే మా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. చేతిలో బదిలీ ఉత్తర్వు. సంతకం ఉంది, ముద్ర ఉంది. లోపల అబ్బాయి అప్పటికే కోడలికి ఫోను కలిపేశాడు.

నేను కుర్చీలోంచి లేవకుండానే కాగితం అందుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. తిరగేసి చూశాను, మళ్ళీ తిరగేశాను. గొంతులో ఏదో తియ్యగా కదిలింది. నేను అనలేదు, ఆ మాటే వచ్చేసింది.

"సంతకం సరే. తేదీ నల్ల సిరాతో వేశారు. నీలం ఉండాలి. వచ్చే ఆదివారం ఒకసారి రండి."

"నాన్నా, ఇటివ్వు." అబ్బాయి ఫోను పడేసి వచ్చి కాగితం లాగాడు. ఎందుకో నా వేళ్ళు వెంటనే వదల్లేదు. వాడు వాటిని ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది.

సారు మాత్రం కోప్పడలేదు. రెండు చేతులూ జోడించి, నన్ను కొత్తగా, గౌరవంగా చూశారు.

"ముందే చెప్పొద్దండీ?" అన్నారు. "తమరు ఏ డిపార్టుమెంటులో రిటైరయ్యారు?"