పొలిక్సేని ఇంటి ముందు క్యూ

చూడముచ్చటైన పాత ఊళ్ళో పుట్టినవాడికి పర్యాటకులను మించిన ఆప్తులు లేరని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కాదనేవాళ్ళు నాతో వాదనకు రావచ్చు. అయితే మే నెలకూ అక్టోబరుకూ మధ్య మాత్రం రావద్దు. మా వీధిలో నిలబడి వాదించుకునే చోటు ఉండదు.

మాది గ్రీసు దేశంలో సముద్రం ఒడ్డున, వెనిస్ వాళ్ళు కట్టి వదిలేసిపోయిన కోట కింద ఉన్న ఊరు. పుట్టింది మొదలు అక్కడే ఉన్నా, అది అందమైన ఊరని నాకు చాలాకాలం తెలియదు. నిటారుగా పైకి పోయే మెట్ల వీధి, గోడల మీద కాగితంపూల తీగ, పెచ్చులూడిన బాల్కనీలు. ఇందులో అందమేముంది? మా అమ్మ ఆ మెట్లెక్కిన ప్రతిసారీ, వాటిని కట్టినవాణ్ణి పేరు తెలియకపోయినా తిట్టేది. పర్యాటకులు వచ్చి ఫోటోలు తీస్తేనే కదా, మేం స్వర్గంలో కాపురం చేస్తున్నామని మాకు తెలిసింది! వాళ్ళు రాకపోతే ఆ అజ్ఞానంలోనే పోయేవాళ్ళం.

నా బనియన్ల సంగతే చూడండి. నేను ఏథెన్స్ దాటి ఎరగను. బాల్కనీలో ఆరేసిన నా బనియన్లు మాత్రం ఫోటోల్లో జపాన్ వెళ్ళాయి, బ్రెజిల్ వెళ్ళాయి, కెనడాలో ఎవరి హాల్లోనో ఫ్రేము కట్టి వేలాడుతున్నాయట. ఒకరోజు చినుకులు మొదలవుతుంటే తీసేయబోయాను. కింద నుంచి ఒకావిడ రెండు చేతులూ జోడించి, ఇంకాసేపు ఉంచమని సైగ చేసింది. వెలుతురు బాగుందట. ఉంచాను. బనియన్లు తడిస్తే మళ్ళీ ఆరతాయి, ఆవిడ మళ్ళీ వస్తుందా?

ఇక ఆరోగ్యం. మా వీధి మొదట్లో కూరగాయల కొట్టు ఉండేది, ఇప్పుడక్కడ ఒలీవ చెక్క గరిటెలు అమ్ముతున్నారు. రొట్టెల బట్టీ ఉన్నచోట ఫ్రిజ్జుకు అంటించే అయస్కాంతాలు దొరుకుతాయి. చెప్పులు కుట్టే ఆయన గదిలో ఐస్‌క్రీమ్ పార్లరు పెట్టి, మొన్న వేసవిలో తెరిచిన దానికి 'తరతరాల సంప్రదాయం' అని బోర్డు తగిలించారు. అందువల్ల నాకు ఒక ఉల్లిపాయ కావాలంటే కొత్త టౌను దాకా దిగి, మళ్ళీ ఎక్కాలి. డబ్బు పోసి జిమ్ముకు వెళ్ళేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఉప్పు మరిచిపోయి వచ్చిన రోజున నాకు వ్యాయామం రెట్టింపు.

మా తలుపులు తాతల నాటి నుంచీ గోధుమరంగువి. గ్రీసు అంటే నీలం కదా అని వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటున్నారని వీధి వీధంతా నీలం పూశారు. అన్నీ ఒకేలా ఉండేసరికి నేనే ఒకసారి పరధ్యానంలో పక్కింట్లోకి వెళ్ళిపోయాను. లోపలున్న డచ్చి దంపతులు కోప్పడకుండా కాఫీ ఇచ్చి పంపారు. మన పాత పక్కింటివాడైతే ఇస్తాడా? వాడు బతికున్నన్నాళ్ళూ నాతో మాట్లాడనే లేదు.

అదే అసలు మేలు. పూర్వం ఇరుగుపొరుగంటే ఏళ్ళ తరబడి అవే మొహాలు, అవే గొడవలు. ఇప్పుడు రెండు మూడు రోజులకొకసారి కొత్త పొరుగు వస్తుంది. తగవు పడదామన్నా వ్యవధి లేదు. ప్రతి తలుపు పక్కనా ఒక చిన్న ఇనుప పెట్టె, దానికి అంకెలు, అందులో తాళంచెవి. వచ్చినవాళ్ళు అంకెలు తిప్పుకుని లోపలికి పోతారు, ఇంటి యజమానితో మాట్లాడే శ్రమ కూడా లేదు. తెల్లారకుండానే చక్రాల సూట్‌కేసులు మెట్ల మీద దడదడలాడుతూ దిగుతాయి. నేను అలారం గడియారం తీసి పారేశాను.

అలా మా వీధి బాగుపడి బాగుపడి, ఇప్పుడు ఏడాది పొడుగునా అక్కడ ఉండేవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఒకడిని నేను, పేరు నోందా. రెండో మనిషి ఎదురింటి పొలిక్సేని.

పొలిక్సేని బట్టలు కుట్టేది. ఈ ఊళ్ళో ఒక తరం పెళ్ళికూతుళ్ళంతా ఆమె కుట్టిన గౌనుల్లోనే గుడికి నడిచారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. మోకాళ్ళు అరిగాయిగానీ నోరు అరగలేదు. ఆమె మేనల్లుడు స్తమాతీస్ కొత్త టౌనులో లిఫ్టు ఉన్న ఇంట్లో ఉంటాడు. మంచివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అత్తను తన దగ్గరికి వచ్చేయమనీ, ఈ ఇల్లు వచ్చిపోయేవాళ్ళకు అద్దెకిద్దామనీ చాన్నాళ్ళుగా పోరుతున్నాడు. ఇరుగుపొరుగును వదిలి ఎలా రమ్మంటావని ఆమె అంటుంది. ఏ ఇరుగు, ఏ పొరుగు అని అతనంటాడు. అతని మాటలోనూ తప్పు లేదు.

చివరికి ఈ సెప్టెంబరులో ఇద్దరూ ఒక పందెం వేసుకున్నారు. ఆ సంగతి నాకు తర్వాత స్తమాతీస్ చెబితే తెలిసింది.

మాకు పుట్టినరోజు కంటే పేరురోజు పెద్దది. ఏ పునీతురాలి పేరు పెట్టుకుంటే ఆవిడ పండుగే మన పండుగ. ఆ రోజున ఎవరినీ పిలవకూడదు. పిలిచామంటే, నీకు గుర్తుండదులే అని ఎదుటివాణ్ణి అవమానించినట్టు. తలుపులు బార్లా తెరిచి కూర్చుంటాం, కావలసినవాళ్ళు వాళ్ళే వస్తారు. వచ్చినవాళ్ళ ముందు చెంచాడు పండ్ల పాకం, చిన్న గ్లాసులో లిక్కరు, చన్నీళ్ళు పెడతాం. నిండు నూరేళ్ళు ఉండమని దీవించి, తిని, వెళ్తారు.

పొలిక్సేని మేనల్లుడితో అన్నది ఇది. "నా పేరురోజున, సాయంత్రం గుడి గంట కొట్టేలోపు, ఈ వీధి మనిషి ఒక్కరైనా పిలవకుండా నా గడప తొక్కితే నన్నిక కదపమాకు. ఎవరూ రాకపోతే తాళంచెవి నీ చేతిలో పెడతా."

వీధి మనిషంటే ఇక నేనే కదా? ఆ ముక్క నా చెవిన వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. వేస్తే పిలిచినట్టవుతుంది, పొలిక్సేని ప్రాణం పోయినా ఆ పని చెయ్యదు.

ఏటా వెళ్ళినట్టే నేను ఈ ఏడూ వెళ్ళాను. మధ్యాహ్నం కునుకు తీసి, గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని, కొత్త టౌనుకు దిగి క్రీము బిస్కట్లు కాదు, మంచి క్రీము కేకులే ఒక పెట్టెడు కట్టించుకుని పైకి వచ్చాను. ఆ రోజు రేవులో పెద్ద ఓడ ఆగింది. అలాంటి రోజున మా మెట్ల మీద కాలు పెట్టే సందుండదని తెలుసు. తెలియనిది ఒకటే, ఆ జనమంతా పొలిక్సేని గడపకే పోతున్నారని.

జరిగింది ఇదీ. పొద్దున్నే ఆమె తలుపులు తెరిచి, బల్ల మీద కుట్టుపని చేసిన గుడ్డ పరిచి, పళ్ళెం సర్ది కూర్చుంది. దారిన పోయే జంట ఒకటి లోపలికి తొంగిచూసింది. పేరురోజున గడప దాకా వచ్చినవాళ్ళను నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడగడం మా ఇళ్ళలో లేదు. కూర్చోబెట్టి పాకం పెట్టింది. వాళ్ళేమో, పాతకాలపు గ్రీకు ఇల్లు ఎలా ఉండేదో చూపించే మ్యూజియం అనుకున్నారు. పాకం తిన్నారు, కుట్టుమిషను ఫోటో తీశారు, టిక్కెట్టు ఎంతని అడిగితే ఆమె వాళ్ళ చెయ్యి తోసేసింది. ఇక చెప్పాలా! మ్యూజియం ఉచితమని వాళ్ళు ఫోన్లలో లోకమంతటికీ చాటారు. మధ్యాహ్నానికి జెండా పట్టుకున్న గైడు ఒకడు తన గుంపునంతా తోలుకొచ్చాడు. చెర్రీ పాకం సీసా ఖాళీ అయితే ఆమె నారింజ తొక్కల పాకం విప్పింది, అదీ అయిపోతే ద్రాక్షది విప్పింది.

నేను వచ్చేసరికి క్యూ ఆమె గడప నుంచి ఐస్‌క్రీమ్ పార్లరు దాకా ఉంది.

క్యూ మాకు అలవాటు లేని విద్య. బ్యాంకులో అయినా, బస్సు దగ్గరైనా గుంపుగా మూగి, మోచేతులతో తేల్చుకుంటాం. నేను అలవాటు ప్రకారం నేరుగా గడప మీదికి నడిచాను. నిక్కరు వేసుకున్న పొడుగాటి మనిషి నా భుజం తట్టి, చాలా మర్యాదగా వెనక్కి చూపించాడు. ఎదురిల్లే నాది అన్నాను. నవ్వి, వాళ్ళదీ ఈ వీధేనని, మా పక్కింటి వైపు చూపించాడు. నిన్న దిగారట.

ఏమంటాను? అందరూ ఎంత ఓపికగా నిలబడ్డారో చూసి, నా దేశం పరువు నా చేతిలో ఉందనిపించింది. పోయి చివర నిలబడ్డాను. ఎదురింటికి వెళ్ళడానికి క్యూలో నిలబడిన మొదటి గ్రీకువాణ్ణి నేనే అయి ఉంటాను. పర్యాటకులు మమ్మల్ని ఎంత నాగరికులను చేశారో దీన్నిబట్టి తెలియడం లేదూ?

క్యూ కదిలీ కదలనట్టు కదిలింది. ఎండకు పెట్టెలో క్రీము కరిగి నా చేతి మీదుగా కారింది. ముందున్న అమ్మాయి, అంతసేపు నిలబడటానికి తగ్గట్టు లోపల ఏమైనా ఉంటుందా అని నన్నడిగింది. నేను ఏటా వస్తానని చెప్పాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, అంత బాగుంటుందా అని స్నేహితులను కూడా పిలుచుకుంది.

ఈలోగా గంట వేళవుతోందని స్తమాతీస్ పెరటి తలుపు గుండా లోపలికి వచ్చి ఒక మూల కూర్చున్నాడు. ఇల్లు పట్టనంత మందిని చూసి ఓడిపోయాననే అనుకున్నాడట. పొలిక్సేని కూడా, చూశావా అన్నట్టు అతని వైపు చూసింది.

"అత్తా," అన్నాడతను మెల్లగా, "వీళ్ళలో ఒక్కరికైనా నీ పేరు తెలుసా?"

చెంచాలు కడుగుతూ ఉండిపోయింది.

నా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. పొలిక్సేని బల్ల దగ్గర తలవంచుకుని, సీసా అడుగున మిగిలిన పాకం చిన్న పళ్ళెంలోకి గీకుతోంది. పొద్దుటి నుంచీ నిలబడి నిలబడి మొహం పీక్కుపోయింది. తల ఎత్తలేదు. వచ్చినవాళ్ళను పలకరించకుండా పెట్టడం మర్యాద కాదని ఆ పూటకు రెండు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుందట. అవే నన్నూ అడిగింది.

"వేర్ ఫ్రమ్?"

నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. ఏడుపొచ్చింది.

"ఎదురింటి నుంచి," అన్నాను.

అప్పుడు తల ఎత్తింది. నా కోటునూ, కారుతున్న పెట్టెనూ, నన్నూ ఎగాదిగా చూసింది.

"ఇప్పుడా రావడం, నోందా?"

"క్యూ ఉంది, పొలిక్సేనీ."

"నా గడపకి నువ్వు లైన్లో నిలబడ్డావా? ఇన్నేళ్ళొచ్చాయి, బుద్ధి రాలేదు నీకు. కూర్చో, తిను."

కూర్చున్నాను. నిండు నూరేళ్ళు ఉండమన్నాను. చెంచా నోట్లో పెట్టుకుంటుండగా గుడి గంట కొట్టింది. పొలిక్సేని మేనల్లుడి వైపు తిరిగి, తడి చేతులు తుడుచుకుని తలుపు తాళంచెవి తన జేబులో వేసుకుంది. స్తమాతీస్ లేచి, ఆమె రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. మంచివాడని చెప్పాను కదా!

నన్ను సాగనంపడానికి అతను మెట్ల దాకా వచ్చాడు. అప్పుడే పందెం సంగతంతా చెప్పాడు.

"బాబాయ్, ఈ వీధి మొత్తానికి నువ్వొక్కడివే," అన్నాడు. "నీకేమన్నా అయితే, వచ్చే ఏడాది అత్త ఎవరి కోసం తలుపు తీసి కూర్చుంటుంది?"

వెటకారానికి అడగలేదు.

కాబట్టి పాఠకులారా, మా ఊరికి తప్పకుండా రండి. మీ రాకతో మాకు అన్నీ సమకూరాయి, ఒక్క మనుషులకు తప్ప దేనికీ లోటు లేదు. నేను మాత్రం ఆ రోజు నుంచీ బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానడం లేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని మరీ దిగుతున్నాను. ఏం చెయ్యను మరి? మా వీధి జనాభాలో సగం నేనే!