ఒర్సోగారి ఈకల పరుపు

మంచు విడిపోగానే పడవేసుకుని మలుగు చేపలకు వల వేద్దామని ఒర్సో అనుకున్నాడు. అంతకుముందు చర్చిలో సభ ఉంది. లామ్మీరా దీవికి కొత్త ప్రభువును ఎన్నుకోవాలి. ఉప్పుమడుల వాళ్లకూ పడవల వాళ్లకూ ఎంతకీ పొసగలేదు. ఒర్సో స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు.

"పోనీ, ఏ గొడవలోనూ లేని ఒర్సోగారైతే?" అన్నాడెవరో.

నిద్రలో ఒర్సో తల ఊగింది. "ఒప్పుకున్నారు" అన్నారంతా. కళ్లు తెరిచేసరికి నెత్తిమీద ప్రభువు టోపీ ఉంది, గంటలు మోగుతున్నాయి.

ఆ గంట మోగితే ఊరు ఊరంతా కొత్త ప్రభువు ఇంటిమీద పడుతుంది. కోటకు పోయేవాడికి ఇల్లెందుకని దొరికింది దొరికినట్టు పట్టుకుపోతారు. అది ఆనవాయితీ; పోయినదాన్ని ప్రభువైనా తిరిగి అడగకూడదు. ఒర్సో పరుగున వెళ్లేసరికి అక్క ఇమెల్దా గుమ్మంలో గరిటె పట్టుకుని కూర్చుని ఉంది.

"ఇదొక్కటే మిగిలిందిరా. నా చేతిలో ఉంది గనక."

"పరుపో, అక్కా?"

"ముందు పోయింది అదే."

ఒర్సో కూలబడ్డాడు. ఆ బాతు ఈకల పరుపు, చనిపోయిన భార్య పెత్రోనా తన చేత్తో కుట్టింది. దానిమీద పడుకుంటేనే ఆవిడ కలలోకి వచ్చేది.

నిద్ర సుఖమెరుగదంటారు. ఒర్సో నిద్రకు అన్నీ ఎరుకే. కోటలోని గడ్డి పరుపుమీదికి అది రానంది. కొలువులో మాత్రం వచ్చేది. తూర్పు కాలువ మాకిప్పించండని పడవలవాళ్లు అడిగితే ప్రభువు తల ఊగింది. ఉప్పువాళ్లు అడిగినా ఊగింది. ఇరువర్గాలూ కాలువలో ఎదురుపడి, తెడ్లు ఒకరి వీపుమీద ఒకరు విరిచి, నేరుగా కోటకొచ్చారు.

అందరికంటే గట్టిగా అరిచినవాడు ఒర్సో పొరుగింటి బెర్తాల్దో. "మాకు మెలకువగా ఉండే ప్రభువు కావాలి" అన్నాడు, ఆవులిస్తూ.

"నీకూ నిద్ర లేదా?" ఒర్సో జాలిగా అడిగాడు.

"నిద్రకేం ప్రభూ, మబ్బుమీద పడుకున్నట్టుంటుంది. కానీ కన్ను మూస్తే చాలు, ఎవరో ఒకావిడ వచ్చి, కాళ్లు కడుక్కోకుండా పరుపెక్కావేమని తిట్టి లేపుతోంది."

ఒర్సో కళ్లు చెమర్చాయి. అవి తనకు రావలసిన తిట్లు. కొలువుకెక్కాక మొదటిసారి పూర్తిగా మేలుకున్నాడు. టోపీ తీసి బెర్తాల్దో నెత్తిన పెట్టాడు.

"ఇంత బాగా అరిచేవాడు మెలకువగానే ఉంటాడు. ఇతన్నే చేసుకోండి."

జనం సరేనన్నారు. బెర్తాల్దో పొంగిపోయి తల ఊపాడు. గంటలు మోగాయి. ఊరంతా మళ్లీ పరుగెత్తింది. ఈసారి అందరికంటే ముందు ఒర్సో ఉన్నాడు, వెనకే గరిటెతో ఇమెల్దా.

ఆ మధ్యాహ్నం నీటిమీది మంచు మెల్లగా కిటికీలోంచి ఒర్సో పడుకున్న గదిలోకి వచ్చింది. దానితోపాటే పెత్రోనా వచ్చి పరుపు అంచున కూర్చుంది.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?"

"రాజ్యమేలి వచ్చానే."

"అలాగా. కాళ్లు కడుక్కున్నారా?"