ఉడుత గారి సైకిలు సింహాసనం

వినుడు, పాఠకశిఖామణులారా! రాత్రి వాన వెలిసి మేడల గోడలు తడిబట్టల్లా మెరుస్తున్న వేళ, చెత్తబండి గంట వీధి చివర మోగి మోగి అలసి ఆగిన వేళ, పొయ్యి మీది పాలు పొంగడానికి ఇంకా అరనిమిషం గడువున్న ఒకానొక మంగళవారపు శుభోదయాన, రెండవ అంతస్తులోని ఇరుకు వంటింట్లో, పూర్వం ఏ రాజ్యం కోసమూ జరగనంతటి ఘోరకలహం ఒక ప్లాస్టిక్ కుర్చీ కోసం అంకురించింది.

ఈ గాథకు నాయిక కళ్ళద్దాల దుకాణంలో గాజుబిళ్ళలు అరగదీసే పనిమంతురాలు. వెంట్రుకవాసి తేడాను వేలికొసతో పసిగట్టగల సూక్ష్మగ్రాహిణి. పొడవు అయిదడుగులకు అంగుళం తక్కువైనా పౌరుషానికి ఆవగింజంత కూడా తక్కువ కాని ధీర. ఆమె భర్త షట్చక్రమహారథసారథి, అనగా బస్సు డ్రైవరు. తెల్లవారకముందే బండెక్కి, ఎదురొచ్చే ఆటోలనూ అడ్డొచ్చే గొడుగులనూ ఒంటిచేత్తో తప్పించగల నిబ్బరవంతుడు. వీరిద్దరి ప్రేమఫలం పదహారు నెలల పదిన్నర కిలోల పాప. ఒక్కచోట కుదురుగా నిలవదు కనుక ఇంటిల్లిపాదీ ఆమెకు ఉడుత అని బిరుదిచ్చారు. ఈ ఉడుతకు లోకంలో ఒక్కటే శత్రువు: పట్టీ. పిల్లల తోపుడుబండి పట్టీ గానీ, భోజనపు కుర్చీ పట్టీ గానీ భుజం మీద పడిందా, ఎక్కుపెట్టిన విల్లులా వెనక్కి వంగి, మూడిళ్ళ అవతలి కుక్క కూడా లేచి కూర్చునేటంత శంఖారావం చేస్తుంది.

ఇక వచ్చిన చిక్కు ఇది. పై సోమవారం నాడు నాయిక మళ్ళీ పనిలో చేరాలి. పిల్లను దింపవలసిన క్రెష్ వంతెనకు అవతల ఉంది. తోపుడుబండితో రెండు బస్సులు మారి వెళితే యాభై నిమిషాలు. సైకిలు మీద ఇరవై. ఎనిమిదిన్నరకు దుకాణంలో లేకపోతే అరగదీసే యంత్రం మరొకరి చేతికి పోతుంది, ఈమె బిల్లులు రాసే బల్ల దగ్గర కూర్చోవాలి. తొమ్మిదేళ్ళుగా గాజుకు ప్రాణం పోసిన చేతులు బిల్లులు రాయడమా! కావున సైకిలే గతి, సైకిలుకు పిల్లసీటే గతి. అయితే ఆ సీటు బిగించేది ముందరా, వెనకా?

"వెనక," అన్నాడు సారథి, మేఘగంభీరస్వరంతో, పళ్ళు తోముకుంటూ. "ముందు సీటు పదిహేను కిలోలకే సరి. వెనకదైతే ఇరవై రెండు దాకా మోస్తుంది. అయిదేళ్ళు వచ్చేదాకా బెంగ లేదు."

"వెనక కూర్చుని అది ఏం చేస్తోందో చూడ్డానికి నాకు వీపున కళ్ళున్నాయా?" అన్నది ఆ ధీర, గరిటెను గదలా ఎత్తి.

"నా వెనక రోజూ యాభై మంది కూర్చుంటారు. నేను తిరిగి చూస్తున్నానా?"

"వాళ్ళలో ఎవర్నీ నువ్వు కనలేదు."

సారథి నోట్లోని నురగ ఉమ్మడానికి తూము దగ్గరికి పరుగెత్తాడు. ఆ సందులో పాలు పొంగి పొయ్యి ఆర్పేశాయి.

అది మొదలు శుక్రవారం దాకా ఆ ఇల్లు ఇల్లు కాదు, రెండు శిబిరాలు. సారథి పదకొండు రకాల సీట్ల గుణగణాలను నాలుగు రంగుల సిరాతో ఒక పట్టికగా రచించి ఫ్రిజ్ తలుపుకు జయధ్వజంలా అతికించాడు. ఆమె దాని మీద నీళ్ళడబ్బా వాడి ఫోన్ నంబరు రాసుకుంది. వేరే ఊళ్ళో ఉంటున్న అత్తగారు ఈ సంగతి ఫోనులో విని ముక్కున వేలేసుకుంది.

"ఇదేం చోద్యమే తల్లీ! మీ మామగారు సైకిలు కడ్డీకి తువ్వాలు చుట్టి మీ ఆయన్ని ఊరంతా తిప్పారు. ఏం పోయింది?"

"ముందుపన్ను పోయిందమ్మా," అన్నాడు కొడుకు, గదిలోంచి.

శనివారం వచ్చింది. దంపతులిద్దరూ ఉడుతను చంకనేసుకుని, బజారు మలుపులో ఉన్న సైకిళ్ళ దుకాణం మీదికి దండెత్తారు. ఆ దుకాణానికి అధినేత్రి ఒక నెరిసిన జుట్టు ఆవిడ. ఎడమచేతిలో పానా లేకుండా ఆమెను చూసినవాడు లేడు గనుక వీధంతా పానా అక్క అంటుంది. రబ్బరు వాసన, గ్రీజు వాసన కలగలిసిన ఆ లోహారణ్యంలో, పైకప్పు నుంచి టైర్లు కొండచిలువల్లా వేలాడుతుండగా, సారథి తన పట్టికను విప్పి, గొంతు సవరించుకుని, బరువులూ కొలతలూ ఏకరువు పెట్టసాగాడు. పానా అక్క ఓపికగా ఏడో సీటు దాకా విన్నది. అప్పుడు అడిగింది.

"అంతా బాగానే ఉంది బాబూ. సైకిలేదీ?"

అయ్యో! అయిదురోజుల వాదప్రతివాద తుములయుద్ధంలో అసలు సైకిలు ఊసే ఎవరికీ తట్టలేదే! అది ఇంట్లో మెట్ల కింద పడి ఉంది. సారథి వెనుదిరిగి, రొప్పుతూ, రోజుతూ, తను నడిపే బస్సునే తను అందుకోలేకపోయినవాడిలా పరుగు తీశాడు.

అతను వచ్చేలోగా పానా అక్క స్టూలు జరిపి ఆమెను కూర్చోమంది. ఉడుత నేల మీద పాత పెడలు ఒకటి తిప్పుకుంటోంది.

"ముందే కావాలని అంత పట్టు దేనికమ్మా?"

ఆమె పిల్లనే చూస్తూ అన్నది: "సోమవారం నుంచి సాయంత్రం దాకా నాకు కనిపించదక్కా. ముందు కూర్చుంటే దాని నెత్తి నా గడ్డం కింద ఉంటుంది. పోతూ ఇరవై, వస్తూ ఇరవై. ఆ నలభై నిమిషాలైనా..." అని ఆపేసింది.

పానా అక్క హితబోధలేవీ చెయ్యలేదు. "సరే. ముందు అదే చూద్దాం," అన్నది.

సైకిలు వచ్చింది. పానా అక్క కడ్డీ మీద ముందు సీటు బిగించి, లోపలి నుంచి ఒక ఇసుక సంచిని ఎత్తుకొచ్చింది. సరిగ్గా పది కిలోలు. నెత్తిన పాత హెల్మెట్, ముఖాన సుద్దముక్కతో గీసిన రెండు కళ్ళు. ఆ దుకాణంలో ఏ సీటైనా మొదట అతనే కూర్చుని పరీక్షిస్తాడట. అతని పేరు పెద్దబాబు. పెద్దబాబును సీట్లో కట్టి, నాయిక సైకిలెక్కింది. ఎక్కీ ఎక్కగానే తెలిసివచ్చింది, విధి ఎంత క్రూరమో, తన కాళ్ళు ఎంత పొట్టివో. మోకాలు లేచిన ప్రతిసారీ సీటుకు ఠంగున తగులుతోంది. మోకాళ్ళు బయటికి చాచితే కప్పలా అయి హ్యాండిల్ ఊగుతోంది. పళ్ళు బిగబట్టి ఆమె పది గజాలు తొక్కింది. పదకొండవ గజంలో ముందుచక్రం గిరుక్కున తిరిగింది. సైకిలూ, ఆమే, పెద్దబాబూ ధరణీతలాన్ని ఆలింగనం చేసుకున్నారు.

ఆమెకు అరచేయి గీసుకుపోయింది, అంతే. కానీ పెద్దబాబు ముఖం చిట్లి, ఒక కంటి కింద నుంచి ఇసుక సన్నగా, చప్పుడు లేకుండా కారుతోంది.

ఆమె ఆ ఇసుకనే చూస్తూ లేచింది. దుకాణం గుమ్మంలో పెడలు పట్టుకుని నిలబడ్డ ఉడుతను చూసింది. మళ్ళీ ఇసుకను చూసింది.

ఇక్కడ సారథి చూపిన పరాక్రమాన్ని ఈ కథకుడు ప్రత్యేకంగా కీర్తించక తప్పదు. 'నేను చెప్పలేదూ' అనే మహాస్త్రం అతని నాలుక చివర సిద్ధంగా ఉంది. లోకంలో ఏ భర్తా దానిని ప్రయోగించకుండా ఉపసంహరించిన దాఖలా లేదు. అతను మింగాడు! గుటకపడిన చప్పుడు పానా అక్కకు కూడా వినబడింది. వంగి, ఆమె అరచేతికి అంటిన మట్టిని తన జేబురుమాలుతో దులిపాడు.

"వెనకది చూపించక్కా," అన్నది ఆమె.

వెనక సీట్లేమైనా సులువుగా లొంగాయా? మొదటిది క్యారియర్ గొట్టం లావు చాలక జారిపోయింది. రెండవది కూర్చుంది గానీ, పానా అక్క దాని ముందు వేలు పెట్టి చూపించింది: పెద్ద సీటు కింద స్ప్రింగులు, సరిగ్గా చిన్నవేళ్ళు అందుకునేంత దూరంలో. "మీరు గతుకులో పడినప్పుడల్లా ఇది నోరు మూస్తుందమ్మా. నలిగేది వీళ్ళ వేళ్ళే." ఇద్దరూ వెంటనే తమ చేతులు వెనక్కి లాక్కున్నారు. మూడవది ఎత్తయిన వీపుతో, పాదాలు చువ్వల్లోకి పోకుండా రెక్కలతో, బూడిదరంగులో వచ్చింది. పానా అక్క స్ప్రింగులకు రబ్బరు తొడుగు వేసి, పానాతో నాలుగు తిప్పులు తిప్పి, మొత్తం సైకిలును గుంజి ఊపి చూసింది. సైకిలు ఊగింది గానీ సీటు ఊగలేదు. చిట్లిన ముఖానికి కుట్లు వేయించుకున్న పెద్దబాబు అందులో ఆసీనుడయ్యాడు. నాయిక అలవాటుకొద్దీ కాలు వెనక నుంచి విసిరి ఎక్కబోయి, అతని చెవి మీద ఫెడేల్మని తన్నింది.

"ఇకమీదట ముందు నుంచి దాటి ఎక్కాలమ్మా," అన్నది పానా అక్క. "మూడు రోజుల్లో అలవాటవుతుంది. పెద్దబాబుకు ఇది మామూలే."

ఇప్పుడు మిగిలింది అసలు శత్రువు: పట్టీ. ఉడుతను సీట్లో దించారు. పట్టీ భుజాన్ని తాకిందో లేదో, ఆ పదిన్నర కిలోల శరీరం ధనుస్సుగా మారింది, శంఖం పూరించింది, ఎదుటి మేడలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. సారథి తాళాల గుత్తి ఊపాడు, పిల్లిలా అరిచాడు, కోతిలా గంతులేశాడు, చివరికి బస్సు హారనులా కూశాడు. ఫలితం శూన్యం. పానా అక్క వచ్చి, అందరినీ పక్కకు జరగమని, బకిల్‌ను పిల్ల చెవి దగ్గర పెట్టి మూసింది.

టక్.

ఉడుత ఏడుపు మధ్యలో ఆగింది. నోరు మాత్రం మూతపడలేదు.

పానా అక్క విప్పి మళ్ళీ మూసింది. టక్. "ఇంకా," అన్నది ఉడుత, ముక్కు కారుతూ. అలా ఆ మహాసంధి పందొమ్మిది టక్కుల తరువాత కుదిరింది. ఇరవయ్యవ టక్కుకు ఆమె తన చిట్టిచేతిని బకిల్ మీద వేసి, గట్టిగా ఒత్తి, దానిని తనే ఓడించినట్లు చుట్టూ చూసింది. అప్పటికి పట్టీలు భుజాల మీదే ఉన్నాయి. వాటి సంగతి ఆమె మరిచేపోయింది.

సోమవారం ఉదయం, ఏడూ యాభైకి, సారథి దూరాన ఏదో కూడలిలో బస్సు తిప్పుతుండగా, నాయిక ముందు నుంచి కాలు దాటించి సైకిలెక్కింది. వీధి దాటింది, బేకరీ దాటింది. వెనక నుంచి ఒక్క మాట లేదు. ఆ మౌనం ఆమె వీపును సూదిలా పొడుస్తోంది. నిద్రపోయిందా? హెల్మెట్ జారిందా? ఏడవడానికి ఊపిరి పీలుస్తోందా? వంతెన ఎత్తు మొదలైంది, ఎదురుగాలి కొట్టింది. సరిగ్గా నడివంతెన మీద, ఆమె చొక్కా వెనక భాగం ఎవరో లాగినట్లయింది. ఒక చిన్న పిడికిలి. పట్టుకుంది, వదలలేదు. "నీలూ," అన్నది వెనక నుంచి ఒక గొంతు.

"అవును, నీళ్ళు," అన్నది తల్లి ముందుకే చూస్తూ.

"నీలూ!"

"చాలా నీళ్ళు!"

పిల్లను క్రెష్‌లో దింపి, ఎనిమిదీ ఇరవై ఏడుకు ఆమె దుకాణంలో ఉంది. పైచొక్కా తగిలించుకోబోతుంటే పక్కబల్ల ఆవిడ పలకరించింది. "రా రా, ఎన్నాళ్ళకి! అదేంటి, వీపు మీద చొక్కా అంతలా నలిగింది? ఇటు రా, నీళ్ళు చల్లి సరిచేస్తా."

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలకేం కరువు! ఆమె రెండు నిలువుటద్దాల మధ్య నిలబడి మెడ తిప్పి చూసుకుంది. నడుముకు జానెడు పైన, నిమ్మకాయంత ముడత. అయిదు వేళ్ళ గుర్తులు లెక్కపెట్టగలిగేలా ఉంది.

"వద్దులే," అన్నది ఆమె. "ఉండనీ."

అరగదీసే యంత్రం గిర్రున తిరిగింది. దిక్పాలకులారా, వినండి! భేరులు మోగించండి! సాయంత్రం దాకా ఆ వీరమాత వెన్ను మీద, ఇస్త్రీపెట్టె సోకకుండా, నలిగిన చొక్కా నలిగినట్టే ఉన్నది!