ఎల్లమ్మ పెట్టిన ఐదు సున్నాలు

ఆట మధ్యలో రూలు మార్చేవాడిని తిట్టకండి. మన బుర్రలకి పదును పెట్టే మహానుభావుడండీ అతను! నమ్మకం లేకపోతే బందరులో ఒకానొక ఆఫీసుకి వెళ్లి, గుమాస్తా శ్యాంబాబు గారి ఎదుట బెంచీ మీద కూర్చుని చూడండి.

మామూలు ఆఫీసుల్లో ఏమంటారు? "రేపు రండి" అంటారు. పొగరు కాకపోతే ఏమిటది? శ్యాంబాబు గారు అలా కాదు. వచ్చినవాళ్లని ఆదరంగా కూర్చోబెట్టి, గళ్ల కాగితం తీస్తారు. ఒకరివి సున్నాలు, ఒకరివి ఇంటూలు. ఎవరివి ఐదు ఒకే వరసలో పడితే వాళ్లు గెలిచినట్టు. గెలిస్తే ఆ పూటే కాగితం చేతిలో పెడతారు. ఇంతకన్నా పారదర్శకమైన పాలన ఎక్కడుంది?

హంసలదీవి ఎల్లమ్మకి కావలసింది పడవ లైసెన్సు. వేట నిషేధం అయిపోయింది. ఊళ్లో పడవలన్నీ సముద్రం మీదికి వెళ్లిపోయాయి. ఆవిడది ఒక్కటే ఇసుక మీద ఉండిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ కాగితం రావాలి. అందుకని అవనిగడ్డ మీదుగా రెండు బస్సులు మారి వచ్చి ఆటకి కూర్చుంది.

మొదటిరోజే గెలిచింది. శ్యాంబాబు గారు కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టారు.

"ఆరు పడ్డాయమ్మా. సరిగ్గా ఐదే ఉండాలి. ఆరైతే చెల్లదు."

"ఎక్కువైనా తప్పేనా బాబూ?"

"జపాన్లో అంతేనండీ."

చూశారా, అవనిగడ్డ బస్సు టికెట్టుతో జపాన్ దాకా!

మర్నాడు లెక్కగా ఐదే పెట్టింది. ఆట మొదలుపెట్టినవాళ్లు ఒకే దెబ్బకి రెండు దిక్కులా మూడేసి గుర్తులు కూర్చకూడదట, అందుకని అదీ చెల్లలేదు. ఇంకోరోజు ఆవిడ పక్కపక్కన పెట్టిన రెండు సున్నాలని అటూ ఇటూ ఇంటూలతో మూసేసి, "ఈ రకం ఆటలో వీటిని తీసేయొచ్చు" అని రబ్బరుతో చెరిపేశారు. ఎల్లమ్మ కడుపు మండిపోయింది. అయినా పంటి బిగువున ఒక్కో రూలూ నేర్చుకుంది. ఇసుకలో గళ్లు గీసి తోడికోడలితో సాధన చేసింది. పడవ నడుస్తూ ఉంటే ఈ విద్య అబ్బేదా?

పదకొండో రోజు శ్యాంబాబు గారు ఇంకో రూలు తెచ్చారు. మొదటి మూడు గుర్తులూ ఒకరే పెడతారు. అవి చూశాక ఎదుటివాళ్లు కావాలంటే చోట్లు మార్చుకోవచ్చు. ఆయన మూడూ పెట్టారు.

"మార్చుకుంటానండీ. లేవండి," అంది ఎల్లమ్మ.

"ఎక్కడికి?"

"మీరు బెంచీ మీదికి, నేను మీ కుర్చీలోకి. రూలు మీరు చెప్పిందే కదా."

రూలంటే ప్రాణం పెట్టే మనిషి. లేవక ఏం చేస్తారు?

కుర్చీలో కూర్చున్న ఎల్లమ్మ రబ్బరు కోసం సొరుగు లాగింది. పైనే ఆవిడ లైసెన్సు ఉంది. అధికారి సంతకం పడి పన్నెండు రోజులైంది. దాని కింద బెంచీ మీదున్న అందరి కాగితాలూ ఉన్నాయి. ఆవిడ కూడబలుక్కుని పేర్లు చదివి ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది.

ఎంత ఘోరం! పావుగంటలో బెంచీ ఖాళీ. పెన్షను కోసం రెండు నెలలుగా ఆడుతున్న ఎస్తేరు కాగితం కళ్లకద్దుకుని ఏడ్చేసింది. నేర్చుకున్న విద్య మధ్యలో ఆగిపోయిందనే అయ్యుంటుంది.

బెంచీ మీద శ్యాంబాబు గారు ఒక్కరే మిగిలారు.

"అందరివీ ఇచ్చేస్తే రేపు నా దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అన్నారు దిగులుగా.

ఎల్లమ్మ లైసెన్సు మడిచి సంచీలో పెట్టుకుంది.

"ఎవరూ రాకుండా ఉంటేనే మీరు పని చేస్తున్నట్టు బాబూ," అని బస్సుకి బయల్దేరింది.