ఎర్ర చుక్కలూ ఎర్ర ట్యాగులూ

"కట్టినోడే విప్పాలె. గది రూలు," అన్నాడు దశరథ్.

"రూలు నీ కంపెనీల పెట్టుకో కొడుకా. ఇది నా టీవీ," అంది తల్లి బక్కమ్మ.

"టీవీ నీదే అవ్వా. కరెంటు అందరిది."

పొద్దున మొదలైన ఈ తగువు, ఉప్మా చల్లారిపోయినా తాను చల్లారలేదు. టీవీ ప్లగ్గుకు ఒక ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. దాని మీద 'ముట్టరాదు' అని అచ్చు, కింద దశరథ్ సంతకం. వంటింట్లోంచి అతని భార్య జ్యోతి, "మరి రేపు ఐతారం సంగతేమాయె?" అని అడిగింది. ఎవరికీ వినబడలేదు. చెల్లెలి ఇంటికి భానూరు వెళ్లి, ఒక్క రోజు ఊరికే కూర్చుని రావాలని ఆమె బోనాలప్పటి నుంచీ అడుగుతోంది. భానూరేమీ దూరం కాదు. ఇక్కడ పొయ్యి మీద పప్పు పెట్టి ఆటో ఎక్కితే, అది ఉడికేలోపు అక్కడ దిగొచ్చు. కానీ ప్రతి ఆదివారం ఇంట్లో ఎవరికో ఒకరికి ఆమెతో పని పడుతుంది. ప్రయాణం వచ్చే వారానికి జరుగుతుంది.

సరే, అదేమంత పెద్ద విషయం కాదు కనుక పక్కన పెడదాం. మనం మాట్లాడుకోవాల్సింది ఆ ఎర్ర అట్టముక్క గురించి. పాఠకులారా, వాడటం లేదన్న ఒక్క నెపంతో నోరులేని వస్తువుల ప్లగ్గు పీకడం ఎంత అమానుషం! స్విచ్చి ఆపకుండా వదిలేసి, వాటి నుదుట ఆ చిన్న ఎర్ర దీపాన్ని పగలూ రాత్రీ వెలగనివ్వడమే కదా నాగరికత!

ఈ సంగతి తెలియక దశరథ్ చేసిన పని చూడండి. అతను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో మెయింటెనెన్సు చూస్తాడు. అక్కడ మిషను విప్పి బాగుచేసేటప్పుడు దాని స్విచ్చికి ఎర్ర ట్యాగు కడతారు. కట్టిన మనిషి తప్ప మరొకరు విప్పకూడదు. మేనేజరైనా సరే, కట్టినవాడు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. లోపల చెయ్యి పెట్టినవాడి ప్రాణం ఆ అట్టముక్క మీద ఉంటుంది కాబట్టి ఆ నియమాన్ని ఎవరూ తప్పుపట్టరు. కంపెనీలో ఉన్నంతవరకూ!

ఎటొచ్చీ ఈమధ్య అక్కడ కరెంటు పొదుపు వారోత్సవం జరిగింది. వాడకపోయినా ప్లగ్గులో ఉన్న ప్రతి వస్తువూ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుందని ఎవరో వచ్చి ఉపన్యాసం చెప్పారు. విన్నవాళ్లందరూ సమోసా తిని, చప్పట్లు కొట్టి, మరిచిపోయారు. పద్ధతి అంటే అది! దశరథ్ మాత్రం మరిచిపోకుండా ఒక ట్యాగుల కట్ట ఇంటికి పట్టుకొచ్చాడు.

నిన్న మధ్యాహ్నం టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు, వైఫై డబ్బాకు, ఓవెన్‌కు, వాషింగ్ మిషన్‌కు, చివరికి గోడకు వేలాడే ఫోన్ చార్జర్‌కు కూడా ట్యాగులు కట్టి, నిశ్చింతగా బి షిఫ్టుకు వెళ్లిపోయాడు. విప్పాల్సిన మనిషి పాశమైలారంలో! ట్యాగులు పటాన్‌చెరులో!

సాయంత్రం సీరియల్ వేళకు బక్కమ్మ ఆ ట్యాగు ముందు చాప వేసుకుని కూర్చుంది. అట్టముక్కను ముట్టుకుంటే షాక్ కొడుతుందేమోనని చీపురుపుల్లతో పొడిచి చూసింది. తర్వాత కొడుక్కి ఫోన్ చేయించింది.

"డ్యూటీల ఉన్న అవ్వా. వచ్చి తీస్త."

"నువ్వొచ్చేదాక గా పిల్ల పెండ్లి ఆగుతదా?"

ఆగలేదు. బక్కమ్మ కాపలా లేకపోయేసరికి సీరియల్‌లో ఆ పిల్లను ఎవడికి ఇవ్వకూడదని ఇన్నాళ్లుగా మొత్తుకుంటోందో వాడికే ఇచ్చి చేసేశారు. ఇంటర్ చదివే మనవరాలు నిషిత, ఆన్‌లైన్ క్లాసు కోసం పక్కింటివాళ్ల వైఫై వెతుక్కుంటూ మేడ ఎక్కి, దోమలు కుట్టించుకుని దిగింది. ఈరోజు ఉప్మా చల్లారడానికి కారణం ఇదీ.

ఇప్పుడు ఆ దీపాల వల్ల కలిగే మేలు ఆలోచించండి. మన పటాన్‌చెరు ఆకాశంలో చుక్క కనబడి ఎన్నాళ్లయింది? పొగ దయవల్ల మీదికి చూసే అలవాటే పోయింది. దీపాలార్పి పడుకున్నాక టీవీ కింద ఒక ఎర్ర చుక్క, ఇన్వర్టర్ మీద ఒక పచ్చ చుక్క, వైఫై డబ్బాలో మిణుకు మిణుకుమనే చుక్కల గుంపు. ఇంట్లోనే ఇంత ఆకాశం ఉంటే, దాన్ని చేజేతులా ఆర్పుకుంటామా?

సెట్‌టాప్ బాక్సు సంగతే తీసుకోండి. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో బక్కమ్మ తన అగ్గిపెట్టె, వక్కలు దాని మీదే ఆరబెట్టుకుంటుంది. ఓవెన్‌లో ఒకసారి నిషిత పుట్టినరోజుకు కేకు చేశారు. అది పొంగలేదు. అప్పటి నుంచి అందులో సకినాలు దాస్తున్నారు. అయినా దాని ముఖాన పచ్చ అంకెలతో టైము వెలుగుతూనే ఉంటుంది. ఎప్పుడో కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి అది తప్పు టైమే చూపిస్తోందనుకోండి. అయితేనేం, ఇంటికి వచ్చినవాళ్లకు ఈ ఇంట్లో ఓవెన్ ఉందని తెలియవద్దూ?

ఇక తెల్లాపూర్ టవర్లలో ఉండేవాళ్ల అదృష్టం మనకెక్కడిది! పొద్దున్నే అందరూ కార్లెక్కి ఆఫీసులకు పోతారు. ఇంట్లో మాత్రం గోడంత టీవీ, ఏసీలు, నీళ్ల ఫిల్టరు, తలుపు మీది కెమెరా కళ్లు తెరుచుకునే ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే పలకడానికి ఒక డబ్బా రోజంతా చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. పిలిచేవాళ్లు లేరు కదా అని అది ఒక్క కునుకు తీస్తుందా? తీయదు! అంత విశ్వాసాన్ని ప్లగ్గు పట్టుకుని పీకేస్తారా?

అన్నిటికీ మించి, ప్లగ్గు పీకాలంటే లేవాలి. లేవకుండా బతకడానికే కదా మనిషి రిమోట్ కనిపెట్టాడు! దశరథ్ ఇంట్లో టీవీ ప్లగ్గు బీరువా వెనక ఉంది. ట్యాగు కట్టడానికి ముందు ఎవరో ఒకరు నేల మీద మోకరిల్లి, గోడకూ బీరువాకూ మధ్య చెయ్యి దూర్చి ప్లగ్గు బయటికి లాగాలి. ఆ పని దశరథ్ చేయలేదు, అతనికి నడుంనొప్పి. బక్కమ్మ చేయలేదు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. నిషితకు పరీక్షలు. అయినా ప్లగ్గు బయటికి వచ్చింది. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఈ ఇంట్లో కొన్ని పనులు వాటంతట అవే అవుతాయి.

శనివారం దశరథ్‌కు డ్యూటీ లేదు కాబట్టి ఆ రాత్రి అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. బక్కమ్మ టీవీకి ట్యాగు విప్పేలా ఒప్పందం కుదిరింది. ఆ ఓటమిని కప్పిపుచ్చుకోవడానికి దశరథ్ ఉపన్యాసం అందుకున్నాడు.

"పని చేస్తున్నప్పుడు కరెంటు తింటది, గది న్యాయమే. పని లేకున్నా, ఎవలన్న పిలుస్తరేమో అని కండ్లు తెరుసుకోని కూసుంటది సూడు, గదే పరేషాన్. కనవడకుంట అరిగిపోతది."

జ్యోతి పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ, "మరి దానికేం జెయ్యాలె?" అంది.

"మొత్తం బంద్ జెయ్యాలె. మా తాన వారానికొక్క దినం మిషన్‌కు షట్‌డౌన్ ఇస్తం. లేకుంటే ఖరాబైతది."

"గా దినం పని ఆగదా?"

"ఆగితె ఆగుతది. ముందుగాల చెప్తం గద, అందరు సదురుకుంటరు."

"ట్యాగు నీ అసొంటోళ్లే కట్టాల్నా, ఎవలన్న కట్టొచ్చా?"

"ఎవలన్న కట్టొచ్చు. పేరు రాసి, ఎప్పుడు విప్పుతరో రాయాలె. ఏం, మిక్సీకి కడ్తవా?" ఇన్నాళ్లకు ఇంట్లో ఒక్కరికైనా తన మాట తలకెక్కినందుకు దశరథ్ ముఖం వెలిగిపోయింది. లేచి వెళ్లి ఒక కొత్త ట్యాగు తెచ్చి ఇచ్చాడు.

జ్యోతి చివరి రొట్టె అతని పళ్లెంలో వేసి, పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుని, నిషిత పెన్ను అడిగి తీసుకుని, ట్యాగు మీద తన పేరు రాసింది. కింద 'సోమవారం పొద్దున' అని రాసింది. గాజుకున్న పిన్నీసు ఊడదీసి, ఆ ట్యాగును తన కొంగుకు గుచ్చుకుంది.

"అమ్మా, నా యూనిఫాం..." అని మొదలుపెట్టిన నిషిత ఆగిపోయింది.

"గిదేంది జ్యోతీ," అన్నాడు దశరథ్. "రేపు చికెన్ తెద్దామనుకున్న." చెయ్యి ఆ ట్యాగు దాకా వెళ్లింది.

"ముట్టకు కొడుకా," అంది బక్కమ్మ, మజ్జిగ గ్లాసు కింద పెట్టి. "కట్టినోళ్లే విప్పాలె."

మేనేజరైనా నిలబడాల్సిన నియమం అది. దశరథ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేపు నేను భానూరు వోతున్న," అంది జ్యోతి, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా. "చికెన్ తెచ్చి వండుకోన్రి, మసాల డబ్బ పై అరల ఉంది. అత్తమ్మకు టీవీ పెట్టేటప్పుడు బీరువ వెనుక జెర సూస్కోని చెయ్యి పెట్టు. గాడ బల్లి ఉంటది."