పన్నెండు తాటిచెట్ల కుటుంబ ట్రస్టు

మనిషి పోయాక అతని ఆస్తి చల్లగా ఉండాలంటే, మనిషి ఉండగానే దాని జోలికి పోకుండా కట్టడి చేయాలని ఎస్టేట్ ప్లానింగ్ అనే మహాశాస్త్రం ఎప్పుడో తేల్చి చెప్పింది. (ఈ శాస్త్రం ఎక్కడెక్కడో తిరిగి జగిత్యాలలో ఒక మిర్చిబజ్జీల దుకాణం పైఅంతస్తుకు చేరింది. మెట్లు ఇరుకు కావడంతో మళ్లీ దిగలేకపోయింది.)

వెల్గటూర్ దగ్గర కల్లు గీసే రాజమల్లుకు ఈ శాస్త్రంతో పని పడింది తోటి గీతకాడు భూమయ్య కొడుకుల వల్ల. భూమయ్య పోయి నెల తిరక్కముందే అన్నదమ్ములిద్దరూ ఒక తాటిచెట్టు కోసం తలలు పగలగొట్టుకున్నారు. అప్పటికీ కోపం చల్లారక చెట్టునే నరికేశారు. తలల సంగతి రాజమల్లు పెద్దగా పట్టించుకోలేదు, కుట్లు వేస్తే అతుకుతాయి. చెట్టు పోయిందని మాత్రం రెండు రోజులు అతనికి అన్నం సహించలేదు. అతనికీ మెట్టచెలక గట్టున పన్నెండు చెట్లున్నాయి. కోరుట్లలో మొబైల్ షాపు పెట్టుకున్న కొడుకు గణేశ్, సిరిసిల్లలో పంతులమ్మగా ఉన్న బిడ్డ మనీషా ఉన్నారు. తన పిల్లలు కొట్లాడుకునే రకం కాదని అతని నమ్మకం. భూమయ్య కూడా అదే మాట అనేవాడు.

ఆ పైఅంతస్తులో కుటుంబ వారసత్వ ప్రణాళికా నిపుణుడు కరుణాకర్ (పాన్‌కార్డులు కూడా చేయబడును) కంప్యూటర్ ముందు కూర్చుని ఆస్తి వివరాలు అడిగాడు.

"చెట్ల పేర్లు రాస్కో సారూ. వంకరతాడు. జంటల పెద్దది, జంటల చిన్నది. అత్తతాడు..."

"అత్తతాడేంది?"

"ఎక్కెటప్పుడు మంచిగనే ఉంటది. దిగెటప్పుడు రొమ్ము గీరుతది."

కరుణాకర్ ఆ వివరాన్ని కూడా షెడ్యూల్లో చేర్చాడు.

"ఇగ ట్రస్టీలు, అంటే ఆస్తిల వచ్చింది పంచెటోళ్లు. మొదటి పేరు మీదే వెడుత, రాజమల్లన్నా."

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆ ఇంట్లో తాతలనాటి కట్టుబాటు ఒకటుంది: ఎక్కినవాడు కల్లు పంచకూడదు. చెట్టు మీదే సగం తాగి వచ్చాడని ఎవరూ అనుకోకుండా, దించిన కల్లుకుండను, అదే లొట్టిని, నేల మీద పెట్టి పక్కకు జరగాలి. పంచేది ఇంకొకరు.

"ఎక్కెటోడే పంచుడేంది? నలుగురు నవ్వుతరు. నా పేరు వద్దు."

తన ఆస్తిలోంచి తనను తాను ఇంత నీటుగా తీసేసుకున్న మనిషిని కరుణాకర్ తన వృత్తి జీవితంలో చూడలేదు. (వృత్తి జీవితం మొత్తం పద్నాలుగు నెలలు.) రాజమల్లు భార్య దేవవ్వ, కొడుకు, బిడ్డ ట్రస్టీలయ్యారు. ఏ రైస్‌మిల్లు కోసమో రాసిన పాత దస్తావేజునే కరుణాకర్ నమూనాగా తీసుకున్నాడు; అందులో ట్రస్టీల ఏకగ్రీవ తీర్మానం లేనిదే ఆస్తిని ఎవరూ "అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు" అని ఉంది. ఆస్తి స్వభావాన్ని గౌరవించి కరుణాకర్ సొంతంగా మరో రెండు మాటలు చేర్చాడు: "ఎక్కరాదు, గీయరాదు."

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు తెల్లారి రాజమల్లు చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని బయల్దేరాడు. గడపలో దేవవ్వ అడ్డం నిలబడింది.

"యాడికి?"

"చెట్టుకు."

"తీర్మానమేది?"

రాజమల్లు నవ్వాడు. దేవవ్వ నవ్వలేదు. "నీకేం తెలుసు, ఊకో" అన్న మాట ముప్పై ఐదేండ్లుగా వింటున్న మనిషి, పైగా ఇప్పుడు చేతిలో రబ్బరు ముద్ర ఉంది.

"ఇంట్ల నీ పెండ్లాన్నే. గీ ముద్ర వట్టుకుంటే మేనేజింగ్ ట్రస్టీని. గా సారు నన్ను మేడం అన్నడు, ఎరుకేనా?"

అది పోతుతాళ్లు, అంటే మగ తాటిచెట్లు, కల్లు పారే కాలం. చెట్టు గెలకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కత్తి తగలాలి. నాలుగు రోజులు వదిలేస్తే గెల ఎండుతుంది, ఆ ఏటికి ఆ చెట్టు కథ ముగిసినట్టే. ఈ సంగతి దస్తావేజులో లేదు.

గణేశ్‌కు ఫోన్ చేస్తే, "రూల్ రూలే బాపూ, వాట్సాప్ గ్రూపుల దరఖాస్తు వెట్టు" అన్నాడు. దరఖాస్తులో "ఆస్తి ఇచ్చిన వ్యక్తితో మీ బంధుత్వం" అన్న గడిలో రాజమల్లు "నేనే" అని రాశాడు. అలాంటి బంధుత్వం జాబితాలో లేదని అది తిరిగొచ్చింది. మనీషాకు బడిలో పరీక్షలు.

"కొట్లాటలొద్దని నువ్వే గద వెట్టినవ్ బాపూ. ఐతారం అస్త, గంతదాక ఆగు."

"నేనాగుత బిడ్డా. చెట్టాగది."

ఆదివారం కరుణాకర్ ఆఫీసుకు ముగ్గురు ట్రస్టీలూ వచ్చారు, ముగ్గురూ చేతులెత్తారు. మేనేజింగ్ ట్రస్టీ ముద్ర మీద ఉఫ్‌మని ఊదింది కూడా. అప్పుడు కరుణాకర్ గొంతు సవరించుకుని, ఇంకా పుట్టని మనవల తరఫున అభ్యంతరం తెలిపాడు. (గణేశ్‌కు ఇంకా సంబంధాలు చూస్తున్నారు.) లబ్ధిదారుల్లో వాళ్లూ ఉన్నారు, వాళ్లకు సంరక్షకుడు కరుణాకరే.

"రేపు పుట్టెటోళ్లకు మీరు గీసుడు ఇష్టమో కాదో మనకెట్ల తెలుస్తది?"

"పుట్టినంక అడుగుతం సారూ!" అన్నాడు రాజమల్లు.

"గందాక చెట్లు ఎట్లున్నయో గట్లనే ఉండాలె."

"ఓరి నీ ట్రస్టు పాడుగాను!" అని రాజమల్లు లేచాడు. మినిట్స్ పుస్తకంలో దాన్ని 'సెట్లారు సూచన' అని రాసుకున్నారు. (ఆస్తి రాసిచ్చినవాణ్ణి సెట్లారు అంటారు.)

పుట్టబోయేవాళ్లు స్టాంపు కాగితం మీద అంగీకారం తెలపడానికి మరో పదకొండు రోజులు పట్టింది. అనుమతి చేతికందగానే రాజమల్లు అత్తతాడు ఎక్కాడు. పైన గెలలు పొయ్యికట్టెల్లా ఎండి ఉన్నాయి. దిగాడు, పక్కచెట్టు ఎక్కాడు, మళ్లీ దిగాడు. నలభై ఏళ్లలో ఖాళీ లొట్టితో చెట్టు దిగడం అతనికి అదే మొదలు.

"ఏమైందయ్యా?" అంది దేవవ్వ.

"ఎండినయ్."

"ఎన్ని?"

"పారేటియి ఏడు. ఏడుకేడు."

దేవవ్వ ముద్రను కొంగులో దాచుకుంది.

ఆ నెలాఖరున కరుణాకర్ పంపిన ప్రగతి నివేదికను గణేశ్ అందరి ముందూ గట్టిగా చదివాడు. ట్రస్టు లక్ష్యాలు నూటికి నూరు శాతం నెరవేరాయనీ, ఆస్తి విషయంలో ఎలాంటి తగాదా రాలేదనీ, కుటుంబ సంపదలోంచి ఒక్క చుక్క కూడా బయటికి పోలేదనీ అందులో ఉంది.