పచ్చ స్టిక్కరు ఉన్నవన్నీ

ఆదివారం పొద్దున్నే, పిల్లలు లేవకముందే, సూపర్‌వైజరు జాబితా రాయడానికి కూర్చున్నాడు. గురువారం తెల్లవారుజామున భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని నేషనల్ పార్కుకి బయలుదేరాలి. అడవి అంచున ఒంటిగది కాటేజీలో రెండు రాత్రులు ఉండాలి. శుక్రవారం ఉదయం ఆరింటికి పార్కువాళ్ళ జీపులో వెళ్ళి జింకని చూడాలి, తిరిగి రావాలి. అంతే పని. మూడేళ్ళ కూతురూ పద్నాలుగు నెలల కొడుకూ ఉన్న ఇంట్లో దీన్ని 'అంతే పని' అనుకున్న మనిషి ఎంత అమాయకుడో, పిల్లల్ని పెంచినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

జింకని చూడాల్సింది అతను కాదు, అతని భార్య. ఆమె చిన్నపిల్లల వాచకాలకి బొమ్మలు వేస్తుంది. తొమ్మిదేళ్ళుగా జింకల్ని వేస్తోంది: నిలబడ్డ జింక, నీళ్ళు తాగే జింక, దారి తప్పి కుందేలుని దారి అడిగే జింక. ఒక్క జింకనైనా కళ్ళారా చూసిన పాపాన పోలేదు. మొదటి ఏడాది ఆమె వేసిన జింకకి చెవులు మరీ పెద్దవయ్యాయని, గాడిదలా ఉందని ఎడిటరుగారు ఎర్ర పెన్సిలుతో చెవులు కత్తిరించి పంపారు. అప్పటినుంచీ చిన్న చెవులే వేస్తోంది. వేసిన ప్రతిసారీ ఏదో అబద్ధం రాస్తున్నట్టు చెయ్యి మొరాయిస్తుంది. అబద్ధమో నిజమో తేల్చుకోవాలంటే ఒక్కసారి చూడాలి కదా.

పెళ్ళయిన కొత్తలోనే వెళ్దామనుకున్నారు. ఆ ఏడు అతనికి సెలవు దొరకలేదు. మరుసటి ఏడు వానలకి పార్కు మూసేశారు. ఆ తరవాత చిట్టి పుట్టింది. చిట్టికి కాస్త మాటలొచ్చాయి, ఇక బయలుదేరవచ్చు అనుకునేసరికి బుడ్డోడు కడుపున పడ్డాడు. పిల్లలు పెద్దయ్యాక వెళ్ళొచ్చులే అని చుట్టాలూ పక్కాలూ సలహా ఇచ్చేవారు. ఆమె బుద్ధిగా తల ఊపి, లోపలికి వెళ్ళి ఇంకో జింకని వేసేది. ఈసారి మాత్రం అతను పట్టుబట్టి కాటేజీ తీసుకున్నాడు, జీపులో ఒక సీటు తీసుకున్నాడు. ఒక్కటే ఎందుకంటే, అయిదేళ్ళలోపు పిల్లల్ని ఆ జీపు ఎక్కనివ్వరు. ఆమె వెళ్తుంది, పిల్లల్ని అతను చూసుకుంటాడు. ఆ టికెట్టుని ఆమె రోజుకి రెండుసార్లు తీసి చూసుకునేది. ఒకసారి అద్దం ముందు నిలబడి, జీపులో కూర్చునేటప్పుడు తలకి గుడ్డ ఎలా కట్టుకోవాలో కూడా కట్టి చూసుకుంది.

మనవాడి ఉద్యోగం గురించి చెప్పాలి. ఇళ్ళు మార్చే కంపెనీలో పదకొండేళ్ళుగా సూపర్‌వైజరు. ఒకరి ఇంటిని సామానంతా ఎత్తి, ఇంకో ఊళ్ళో దింపి, సర్ది ఇవ్వడం వాళ్ళ పని. అతను పెట్టిన రూళ్ళు మూడు. పచ్చ స్టిక్కరు ఉన్నది లారీ ఎక్కాలి, లేనిదాన్ని ముట్టుకోకూడదు. స్టిక్కరు ఉన్నదాన్ని ఎందుకని ప్రశ్నించకూడదు, చీటికీ మాటికీ ఇంటివాళ్ళకి ఫోన్లు చేయకూడదు. దింపినచోట, పాత ఇంట్లో ఏది ఎక్కడుందో అక్కడే సర్దాలి. ఈ మూడూ అక్షరం పొల్లుపోకుండా పాటించేవాడు అతని కింద సామాను ఎత్తే మనుషుల మేస్త్రి. ఏం చెప్పినా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటాడు. రాసుకున్నాక బ్రహ్మ దిగివచ్చినా వినడు.

బుధవారానికి జాబితా అరవై నాలుగు వస్తువులకి చేరింది. పాలసీసాలు, వాటిని కడిగే బ్రష్షులు, జ్వరం మందు, మూడు దుప్పట్లు, చిట్టి దిండు, చిట్టి దిండుకి తోడుండే ఇంకో దిండు. ఉయ్యాల తొట్టి కూడా రాయమని ఆమె అడిగింది. అది లేనిదే బుడ్డోడు నిద్రపోడు. రెండు రాత్రుల కోసం ఉయ్యాలేమిటని అతను కొట్టేశాడు. అయినా ఇవన్నీ బస్సులో ఎలా మోస్తారు? అదృష్టంకొద్దీ కంపెనీ లారీ ఒకటి పార్కు అవతలి పట్నంలో ఎవరిదో ఇల్లు పక్క వీధికి మార్చడానికి గురువారం ఖాళీగా వెళ్తోంది. మేస్త్రితో చెప్పాడు: తాళంచెవి కింది వాటా ఓనరమ్మ దగ్గర ఉంటుంది, పచ్చ స్టిక్కరు ఉన్నవన్నీ ఎక్కించి కాటేజీలో దింపి పో. మేస్త్రి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం అతను అరవై నాలుగు స్టిక్కర్లూ అంటిస్తుంటే చిట్టి కాళ్ళకి అడ్డం పడి, నేనూ అంటిస్తానని రాగం తీసింది. ఒక పక్క బుడ్డోడి ఏడుపు, ఒక పక్క పొయ్యిమీద పాలు. స్టిక్కర్ల చుట్ట కూతురి చేతికిచ్చి, "ఆడుకో తల్లీ" అన్నాడు.

చిట్టి బాధ్యత తెలిసిన పిల్ల. ఆడుకోలేదు, పనిచేసింది. మంచాల కోళ్ళకీ, ఫ్రిజ్ పక్కకీ, బీరువా అడుగునా, వాషింగ్ మెషినుకీ, గిన్నెల స్టాండుకీ, పొయ్యి బల్లకీ, అమ్మ డ్రెస్సింగ్ టేబులుకీ, బొమ్మల బల్లకీ, తమ్ముడి ఉయ్యాల తొట్టికీ, ఆఖరికి గుమ్మం ముందు పట్టాకీ వరసపెట్టి అంటించింది. అన్నీ తన ఎత్తున, అంటే పెద్దవాళ్ళ మోకాలి ఎత్తున. పొద్దున్న అయిదింటికి చీకట్లో చంకన ఒకర్నీ చేత్తో ఒకర్నీ పట్టుకుని బయటపడ్డ తల్లిదండ్రుల్లో ఎవరూ వంగి చూడలేదు.

ఆరున్నరకి వచ్చిన మేస్త్రి మాత్రం వంగి చూశాడు. ఫ్రిజ్ దగ్గర ఒక నిమిషం ఆగాడట. రెండు రోజుల ప్రయాణానికి ఫ్రిజ్ దేనికని అతని మనుషులు కూడా అడిగారట. చాలాసేపు ఆలోచించి, ఇది సార్ మనకి పెట్టిన పరీక్ష అని మేస్త్రి తేల్చాడు. స్టిక్కరు చూసి కూడా ప్రశ్నిస్తామా లేదా అని చూస్తున్నారు. ఇక చూడండి, వాళ్ళ పనితనం. పదకొండేళ్ళలో ఏ ఇంటినీ అంత శ్రద్ధగా ఎత్తలేదు. ఒక్క గ్లాసు పగల్లేదు. ఖాళీ అయిన వాటా చూసి కింది వాటా ఓనరమ్మ మాత్రం కళ్ళు ఒత్తుకుంది. మాటమాత్రం చెప్పకుండా వెళ్ళిపోయారే అని బాధపడి, తేరుకుని, పదింటికల్లా గేటుకి 'అద్దెకి ఇవ్వబడును' బోర్డు తగిలించింది.

బస్సులో వీళ్ళ ప్రయాణం సాగింది అనడం కంటే ఆగింది అనడం న్యాయం. చిట్టికి వాంతి అని ఒకచోట, బుడ్డోడి చెప్పు కిటికీలోంచి పడిందని ఒకచోట ఆగింది. రెండో బస్సు చిట్టి బాత్రూములో ఉండగా వెళ్ళిపోయింది. ఇంకోదానికోసం మూడు గంటలు బల్లమీద కూర్చున్నారు. బుడ్డోడు ఎప్పుడైనా నిద్రపోతాడేమోనన్న ఆశతో అతను ఫోను మోగకుండా పెట్టుకున్నాడు. వాడు నిద్రపోలేదు. ఆమె కూడా నిద్రపోలేదు కానీ విసుక్కోనూ లేదు. దూరంగా చెట్లు గుబురుగా కనిపించడం మొదలయ్యాక కిటికీ వైపు జరిగి, కొడుకు జుట్టు పీకుతున్నా తల తిప్పకుండా కూర్చుంది. కొత్త పెళ్ళికూతురిగా ఇదే మొహంతో ఇదే అడవి గురించి మాట్లాడింది కదా అని అతనికి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు ఆపినందుకు సిగ్గనిపించింది.

సాయంత్రం నాలుగున్నరకి పార్కు గేటు దాటి, మలుపు తిరిగి, ఇద్దరూ ఆగిపోయారు.

కాటేజీ ముందు పచ్చిక మైదానం ఉంది. మైదానంలో వాళ్ళ ఇల్లు ఉంది. గోడలు లేవు, మిగతాదంతా ఉంది. ఎడమవైపు వంటగది: పొయ్యి, గిన్నెల స్టాండు, ఫ్రిజ్. కుడివైపు పడకగది: మంచాలు, బీరువా, డ్రెస్సింగ్ టేబులు. నడుమ ఆమె బొమ్మలు వేసుకునే బల్ల, దానిమీద సగం వేసిన జింక, ఎగిరిపోకుండా పైన ఒక రాయి. కాటేజీలో పట్టకపోతే ఇక్కడ సర్దామని, మూడో రూలు తప్పలేదని, సామానుకి కాపలాగా ఉండిపోయిన మేస్త్రి చేతులు కట్టుకుని చెప్పాడు. లారీకి అవతల పనుంది, అక్కడ ఎత్తడానికి వేరే మనుషులున్నారు కాబట్టి వెళ్ళిపోయింది. ఖాళీ అయ్యాక రేపు తొమ్మిదికి తిరిగి వస్తుంది. సూపర్‌వైజరు, గుమ్మం ఉండాల్సినచోట పరిచిన పట్టామీద అలవాటుగా కాళ్ళు తుడుచుకుని లోపలికి నడిచాడు.

ఫోను తీస్తే ఓనరమ్మవి పదకొండు కాల్సు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళకి వంటగది తెగ నచ్చిందట. మేం ఖాళీ చేయలేదు మొర్రో, ఎల్లుండి వచ్చేస్తాం అని అతను మొత్తుకున్నాడు. మరి మంచాలు కూడా తీసుకుపోయారేం అని ఆవిడ అడిగింది. అతను మంచం కోడుకి మోకాలి ఎత్తున ఉన్న స్టిక్కరునీ, కూతురినీ చూసి ఫోను పెట్టేశాడు.

అసలు దెబ్బ పార్కు గార్డు రూపంలో వచ్చింది. అడవిలో కాపురం పెట్టడానికి ఎవరిచ్చారయ్యా అనుమతి అని అతను గట్టిగానే అడిగాడు. సామాను తీసేదాకా జీపు టికెట్టు చెల్లదన్నాడు. లారీ తొమ్మిదికి. జీపు ఆరింటికి. మళ్ళీ జీపులో సీటు నాలుగు నెలల తరవాత. సూపర్‌వైజరు బతిమాలాడు, మేస్త్రి బతిమాలాడు, చిట్టి తన దిండు ఇస్తానంది. గార్డు మెత్తబడలేదు. మేస్త్రినీ అతని మనుషుల్నీ గేటు దగ్గర తన షెడ్డులో పడుకోమని మాత్రం తీసుకుపోయాడు.

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. తన సొంత కుర్చీలో, తన సొంత పొయ్యి పక్కన కూర్చుని, టికెట్టుని నాలుగు మడతలు పెట్టింది.

"ఒక్క జింకండీ," అంది. "నేనేమన్నా ఏనుగుని అడిగానా? ఇల్లు వదిలి రెండు రోజులు పోదామనుకున్నాను. ఇల్లే నా వెంట వచ్చేసింది."

అతను కూతురి చేతిలో మిగిలిన స్టిక్కర్ల చుట్ట లాక్కుని, భార్య సంచిలో పడేశాడు. అంతకంటే చేయగలిగింది ఏమీ తోచలేదు. ఉయ్యాల తొట్టిని మాత్రం కాటేజీ లోపలికి మోసుకొచ్చాడు. వచ్చిందెలాగూ వచ్చింది.

అందులో వేయగానే బుడ్డోడు పడుకున్నాడు. పుట్టి పద్నాలుగు నెలల్లో మొదటిసారి, తెల్లవార్లూ కిక్కురుమనలేదు.

తెల్లవారుతుండగా అలవాటుకొద్దీ ఆమెకి మెలకువ వచ్చింది. ఎవరూ ఏడవడం లేదు. తను నిద్రలేచిన ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండి ఎన్నేళ్ళయిందో ఆమెకి గుర్తురాలేదు. సంచి భుజాన తగిలించుకుని, మెల్లగా తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది.

మైదానం చివరన పెద్ద చెట్టు కింద జింక నిలబడి ఉంది. అది కాసేపు ఆగి, నింపాదిగా నడిచి పడకగదిలోకి వచ్చింది. మంచాన్ని వాసన చూసింది. బీరువాని దాటింది. డ్రెస్సింగ్ టేబులు ముందుకొచ్చి అద్దంలోకి చూసి ఆగిపోయింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. అద్దంలోది కూడా తిప్పింది. రెండూ ఒకదానినొకటి చూసుకుంటూ చెవులు నిక్కించాయి.

పెద్ద చెవులు. ఎడిటరుగారి ఎర్ర పెన్సిలు తగలనివి. ఎంత పెద్దవంటే, ఉదయపు వెలుతురు వాటిలోంచి ఎర్రగా కనిపిస్తోంది. మొదటి ఏడాది ఆమె వేసినవి సరిగ్గా ఇవే. ఆమె గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది కూడా. జీపులో కట్టుకుందామని తెచ్చుకున్న గుడ్డ అది.

వరండా పక్క కిటికీలోంచి సూపర్‌వైజరు చూస్తున్నాడు. అతనున్న చోటునుంచి జింక తోక మాత్రమే కనబడింది. అతనికి అదేమీ లోటనిపించలేదు. భార్య మొహం పూర్తిగా కనబడుతోంది. కదిలితే చెక్క నేల చప్పుడవుతుందని ఒంటికాలిమీద అలాగే నిలబడ్డాడు. లోపల బుడ్డోడు ఇంకో పావుగంట పడుకుంటే చాలు అని, ఎప్పుడూ దేన్నీ మొక్కనివాడు మొక్కుకున్నాడు.

వాడు ఇరవై నిమిషాలు పడుకున్నాడు. ఆ తరవాత లేచి ఒక్క కేక పెట్టాడు. జింక ఒక్క గెంతులో వంటగది దాటి, చెట్టు కిందనుంచి అడవిలోకి వెళ్ళిపోయింది. ఆమె దాని వెంట చెట్టుదాకా నడిచి, చాలాసేపు అక్కడే నిలబడింది.

తొమ్మిదికి లారీ వచ్చింది. సామాను చకచకా ఎక్కింది. ఇక ఆమె బల్ల ఒక్కటే మిగిలింది. ఆమె దాన్ని వదలడం లేదు, జింకకి చెవులు పెంచుతోంది. అప్పుడు మేస్త్రి చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"సార్, ఆ పెద్ద చెట్టుకి కూడా పచ్చ స్టిక్కరుంది."

సూపర్‌వైజరు కూతురి వైపు చూశాడు.

"నేను కాదు," అంది చిట్టి. "నాకు అంత ఎత్తు అందదు."

నిజమే. స్టిక్కరు పెద్దవాళ్ళ భుజం ఎత్తున, నాలుగు మూలలా జాగ్రత్తగా ఒత్తి అంటించి ఉంది. అతను భార్య వైపు చూశాడు. ఆమె బొమ్మలోంచి తల ఎత్తలేదు, చెంపలు మాత్రం ఎరుపెక్కాయి. మేస్త్రి ఇంకా నిలబడే ఉన్నాడు. స్టిక్కరున్నదాన్ని ప్రశ్నించే మనిషి కాడు. తవ్వాలా, కోయాలా అన్నది తెలిస్తే చాలు.

"దానికి ఇంకా పెద్ద లారీ కావాలోయ్," అన్నాడు సూపర్‌వైజరు. "నాలుగు నెలల తరవాత మేమే మళ్ళీ వస్తాం."

మేస్త్రి పుస్తకం తీసి రాసుకున్నాడు.